చెరువు పునరుద్ధరణ ప్రణాళిక: క్షేత్రంలో నేర్వవలసిన పాఠం

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన తరువాత మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల రూపురేఖలు మారిపోయినవి. ఎడమ కాలువ సాగిన దారి వెంట వరి మాగాణాలు, బియ్యపు మిల్లులు వెలసినవి. మన తిరుమలగిరి ఆ కాలువ నీరు ఎక్కని మెట్ట ప్రాంతం. ఇక్కడ తరతరాలుగా వ్యవసాయాన్ని నిలిపినవి వాన, బావి, చెరువు. గోదావరి జలాలను తెచ్చే శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువలు ఈ వైపు తవ్వినప్పటికీ, ఆ నీటిని పట్టి నిలిపేది చివరకు ఊరి చెరువే. కనుక చెరువును బాగుచేసుకోవటం ఎట్లా అనేది మన ప్రాంతపు విద్యార్థికి పరీక్షలో వచ్చే ప్రశ్న కంటె పెద్ద ప్రశ్న.

చెరువు బాగుచేయటం అనగానే పూడిక తీయటం అని మనలో చాలామంది అనుకుంటాము. పూడికతీత ఒక పని మాత్రమే. అనేక పనులలో ఏది ముందు, ఏది వెనుక, దేనివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని నిర్ణయించేదే ప్రణాళిక. ఈ ప్రణాళికా రచనను గదిలో కూర్చొని నేర్వటం సాధ్యం కాదు. చెరువు గట్టు మీద, వరద కాలువ వెంట, రైతు పక్కన నిలబడి నేర్వవలసిన విద్య ఇది. ఆ విద్య స్వరూపాన్ని విద్యార్థులకు పరిచయం చేయటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

1. చెరువు అంగములు

చెరువు అంటే కట్ట వెనుక నిలిచిన నీరు మాత్రమే కాదు. ఎగువన వాన నీరు వాలి వచ్చే నేల దాని పరీవాహక ప్రాంతం. ఆ నీటిని చేర్చేది వరద కాలువ. నిలిపేది కట్ట. పొలానికి విడిచేది తూము. మిగులు నీటిని సురక్షితంగా పంపేది మత్తడి; దానినే కొన్ని ప్రాంతాలలో అలుగు అంటారు. తూము కింద సాగయ్యే భూమి ఆయకట్టు. ఒక చెరువు మత్తడి దుంకిన నీరు దిగువ చెరువుకు, అక్కడినుండి మరొక చెరువుకు పోతుంది. ఇవే గొలుసుకట్టు చెరువులు. ఈ గొలుసులో ఒక్క కడియాన్ని కదిలించినా మిగిలినవన్నీ కదులుతాయి.

ఈ అంగాల పేర్లను గమనిస్తే మన రెండు భాషలూ కలసి కాపురం చేసిన తీరు కనిపిస్తుంది. కట్ట, తూము, మత్తడి తెలుగు మాటలు. చెరువు లోపలి భూమిని శిఖం అంటాము. అది ‘షికమ్’ అనే పారశీక పదం. కడుపు అని అర్థం. చెరువు కడుపే శిఖం. నీటి మీద పండే వానాకాలపు వరి ఆబీ. ‘ఆబ్’ అంటే నీరు. వేసవి వరి తాబీ. మరమ్మత్తు, నాలా, నక్షా, పహాణీ అన్నవి రైతు నోట నేటికీ తెలుగు మాటలుగానే పలుకుతున్నవి. ఇది భాషా విశేషం మాత్రమే కాదు, దీని ప్రయోజనం ముందు ముందు తెలుస్తుంది.

2. పూర్వులు వ్రాసిపెట్టిన పాఠం

చెరువు నిర్మాణాన్ని శాస్త్రంగా భావించి శిలపై చెక్కించిన జాతి మనది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉన్నది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి పాలకుడు అయిన భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించినాడు. రోజూ వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు పనిచేసినట్లు ఆ శాసనం చెబుతుంది. అంతకంటె విలువైన సంగతి, మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, రాకూడని ఆరు దోషాలను అది పేర్కొన్నది.

జలశాస్త్రం తెలిసిన వ్యక్తి, గట్టి బంకమన్ను నేల, తియ్యని నీటి ఏరు, అతి పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతూ విశాలమూ గల గర్భం, దగ్గరలో రాతి గని, సమతలమైన సారవంతపు పొలాలు, పని తెలిసిన మనుషులు - ఇవి సాధనాలలో కొన్ని. కట్ట నుండి నీరు ఊరటం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, గర్భం నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావటం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావటం - ఇవి ఆరు దోషాలు.

వీటిలో చివరి రెంటినీ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. నీటికీ భూమికీ పొత్తు కుదరాలన్న నియమం నేటి ఇంజనీరింగు గ్రంథాలలోనూ మూలసూత్రమే. పొలిమేర దోషం కూడా నేటికీ వర్తిస్తుంది. రెండు రాజ్యాల స్థానంలో రెండు గ్రామాలు, రెండు శాఖలు అని చదువుకొంటే చాలును.

మనకు సమీపంలో సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉన్నది. కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్ల కాలపు ఆలయాలు, 1195, 1208 నాటి శాసనాలు అక్కడ ఉన్నవి. ఆలయం పక్కనే చెరువు. ఊరు, గుడి, చెరువు మూడింటినీ కలిపి నిర్మించటం ఆనాటి పద్ధతి. చెరువు మరమ్మత్తు చేసేవారికి దశబంధ మాన్యాలు ఇచ్చేవారు. తూము తెరచి మూయటానికి నీరటి ఉండేవాడు. నిర్మాణం ఒక్కనాటి పని, నిర్వహణ నిత్యకృత్యం అని పూర్వులకు తెలుసును.

హైదరాబాదు సంస్థానంలో ఆ సంప్రదాయాన్ని ఆధునిక విద్యతో ముందుకు నడిపినవారిలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అగ్రగణ్యుడు. నిజాంసాగర్ నిర్మాణంతో ఆయన పేరు చిరస్మరణీయమైనది. ఆయన పుట్టినరోజు జులై 11ను 2014 నుండి తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. రాష్ట్రం ఏర్పడిన తరువాత 2015 మార్చి 12న సదాశివనగర్ పాత చెరువు వద్ద మిషన్ కాకతీయ ప్రారంభమైనది. రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు ఉన్నట్లు లెక్కించి, దశలవారీగా పునరుద్ధరించాలని సంకల్పించారు. పూడిక మట్టిని రైతులే తమ పొలాలకు తోలుకొనే ఏర్పాటు అందులో ముఖ్యమైనది. ఆ పథకం తరువాత కూడా చెరువులో పూడిక చేరుతూనే ఉంటుంది, కాలువలు పూడుతూనే ఉంటాయి. కాబట్టి ప్రణాళిక వేయగలవారి అవసరం ప్రతి తరంలోనూ ఉంటుంది.

3. మొదటి పాఠం నడక, రెండవది కొలత

శిక్షణ చెరువు గట్టున ప్రారంభం కారాదు, ఎగువన ప్రారంభం కావాలి. మంచి వాన కురిసిన మరునాడు గ్రామ నక్షా చేతపట్టుకొని వరద కాలువ వెంట పైకి నడవాలి. నీరు ఎక్కడ ఆగినది, ఎక్కడ దారి తప్పినది, ఏ రోడ్డు కింద తూరలు మూసుకొనిపోయినవి, ఎవరి గట్టు కాలువలోకి జరిగినది అనే వివరాలను నక్షాలో గుర్తించాలి. ఎండాకాలంలో ఎంత పెద్ద నిపుణుడు వచ్చినా చూడలేని సంగతులను వానాకాలంలో మామూలు విద్యార్థి చూడగలడు.

తరువాత కొలతలు. మత్తడి ఎత్తును ఆధారం చేసుకొని చెరువు పూర్తి నీటిమట్టాన్ని నిర్ణయించవచ్చును. మేస్త్రీలు వాడే నీటి గొట్టం ఉంటే చాలు, ఆ మట్టం నేల మీద ఎక్కడెక్కడ తగులుతుందో గుర్తులు పెట్టవచ్చును. ఆ గుర్తులను కలిపితే చెరువు అంచు వస్తుంది. చెరువు ఎండినప్పుడు ఆ మట్టం నుండి గర్భం ఎంత లోతున ఉన్నదో పలుచోట్ల కొలిచి సగటు తీయాలి. సగటు లోతును విస్తీర్ణంతో గుణిస్తే నిలువ సామర్థ్యం వస్తుంది. కట్ట మీద చెట్లు, ఎలుక బొరియలు, చెమ్మ ఊరే చోట్లు, తూము తలుపు స్థితి, మత్తడి రాళ్ల కదలిక వేరే పట్టికలో వ్రాసుకోవాలి.

మూడవది, వినటం. "పెద్దయ్యా, ఈ చెరువు చివరిసారి మత్తడి దుంకినది ఏ ఏడు? అప్పుడు నీరు ఏ చెట్టు దాకా వచ్చినది?" అని నీరటి కుటుంబపు పెద్దను అడిగితే ఏ దస్త్రంలోనూ దొరకని సమాచారం దొరుకుతుంది. అడిగినది విని వ్రాసుకోవటం కూడా శాస్త్రీయ పద్ధతిలో భాగమే.

4. లెక్క చెప్పే నిజం

ఇప్పుడు ఒక అభ్యాసాన్ని చేద్దాం. ఒక చెరువు ఉన్నదనుకొందాం. పరీవాహక ప్రాంతం 2.5 చదరపు కిలోమీటర్లు. ఏడాది వాన 700 మిల్లీమీటర్లు. అందులో వందకు పది పాళ్లు చెరువుకు చేరుతుందనుకొందాం. అప్పుడు వచ్చే నీరు 1,75,000 ఘనపు మీటర్లు, అనగా సుమారు 62 లక్షల ఘనపుటడుగులు. చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, సగటు లోతు ఒకటిన్నర మీటరు అనుకొంటే నిలువ సామర్థ్యం 1,50,000 ఘనపు మీటర్లు. నీరూ సామర్థ్యమూ దాదాపు సరితూగుతున్నవి.

వరి పొలానికి చెరువు నుండి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టాలనుకొంటే ఎకరానికి సుమారు 4,850 ఘనపు మీటర్లు కావాలి. ఆవిరి, ఇంకుడు నష్టాలను పక్కన పెట్టినా వచ్చిన నీరంతా కలిసి 36 ఎకరాల వరికి మాత్రమే సరిపోతుంది. 500 మిల్లీమీటర్లతో గట్టెక్కే ఆరుతడి పంటలైతే 86 ఎకరాలు తడుస్తాయి. పంట ఎంపిక కూడా చెరువు ప్రణాళికలో భాగమే అని దీనివల్ల గ్రహించాలి.

ఈ చెరువులో సగం గర్భాన్ని, అంటే 5 హెక్టార్లను, 30 సెంటీమీటర్ల మేర త్రవ్వినామనుకొందాం. తీసిన మట్టి 15,000 ఘనపు మీటర్లు. ఒక ట్రాక్టరు ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున 5,000 ట్రాలీలు! ఇంత శ్రమకు ఫలితంగా చెరువులో కొత్తగా చోటు దొరికిన నీరు, ఒకసారి నిండితే, మూడు ఎకరాల వరికి మాత్రమే చాలుతుంది.

అదే చెరువు వరద కాలువ రెండు చోట్ల పూడిపోయి, రావలసిన నీటిలో మూడవ వంతు దారి తప్పుతున్నదనుకొందాం. నష్టపోతున్నది 58,000 ఘనపు మీటర్లు. అది పన్నెండు ఎకరాల వరికి సరిపడే నీరు. మిగిలిన 1,17,000 ఘనపు మీటర్లతో 1,50,000 పట్టే చెరువు నిండనే నిండదు. నిండని కుండను పెద్దది చేస్తే దప్పిక తీరునా? ఇటువంటి చెరువులో ముందు చేయవలసినది కాలువను తెరిపించటం, పూడికతీత ఆ తరువాతి మాట. నడక లేకుండా అంచనా వేసినవారికి ఈ తేడా తెలియదు.

ఇవి అభ్యాసం కోసం తీసుకొన్న అంకెలే. ప్రతి చెరువుకు అంకెలు మారుతాయి. ఒకచోట వరద ఎక్కువై చోటు చాలకపోవచ్చును, అక్కడ పూడికతీతే ముందు పని కావచ్చును. ఏది ముందో చెప్పేది లెక్క మాత్రమే.

5. పూడిక: చెరువుకు బరువు, చేనుకు బలం

అట్లని పూడికతీత వ్యర్థమని మా అభిప్రాయం కాదు. దాని విలువను చెరువు గర్భంలో మాత్రమే వెదకటం పొరపాటు. పై చేల నుండి కొట్టుకొని వచ్చిన సన్నని బంకమన్ను, ఆకు అలము కుళ్లిన సేంద్రియ పదార్థం పూడికలో ఉంటాయి. తేలికపాటి ఎర్ర చెలక నేలకు ఆ మన్ను తోలితే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఒక ఎకరంలో రెండున్నర సెంటీమీటర్ల మందాన పరచటానికి 34 ట్రాలీలు కావాలి. పైన చెప్పిన 5,000 ట్రాలీలతో దాదాపు 147 ఎకరాలు బాగుపడతాయి. చెరువులో మూడెకరాల నీటిని పెంచిన మన్ను చేనులో 147 ఎకరాల సారాన్ని పెంచుతుందన్నమాట. కనుక పూడికతీతను చెరువు పనిగా కంటె నేల పనిగా లెక్క కట్టటమే సమంజసం.

అయితే దీనికీ నియమాలున్నవి. ముందు మన్నును పరీక్షించాలి. చవుడు ఉన్న మన్నును చేనుకు తోలరాదు. కట్ట మొదటిలో త్రవ్వరాదు, కట్ట కాలు బలహీనమవుతుంది. తూము అడుగు కంటె లోతుగా త్రవ్వితే ఆ గుంటలో నిలిచిన నీరు తూము గుండా పొలానికి పారదు. పశువులకు, చేపలకు కొంత లోతు అవసరమే, దానిని వేరుగా గుర్తించి త్రవ్వాలి. అడుగున ఉన్న గట్టి బంకమన్ను పొరను చీల్చరాదు. ఇటుక బట్టీల కోసం, రోడ్ల కోసం ఇష్టానుసారం త్రవ్విన గుంతలను పునరుద్ధరణ అనరాదు.

6. చెరువు కడుపులో ఎవరి బ్రతుకు ఉన్నది?

ఇంతవరకు చెప్పినది నీటి లెక్క. మనుషుల లెక్క లేకుండా ఏ ప్రణాళికా నిలువదు. చెరువు మీద ఆధారపడినవారు ఆయకట్టు రైతులొక్కరే కాదు. చేపలు పట్టే ముదిరాజులు, బెస్తలు, బట్టలుతికే చాకళ్లు, మన్ను తెచ్చుకొనే కుమ్మరులు, గొర్రెలు మేపే గొల్లలు, వేసవిలో శిఖం భూమిలో పుచ్చ, దోస వేసుకొనే పేదలు - అందరికీ ఆ చెరువులో భాగం ఉన్నది. మత్తడిని ఒక అడుగు ఎత్తు చేద్దామంటే చివరి ఆయకట్టు రైతు సంతోషిస్తాడు. అదే అడుగుతో శిఖం అంచున ఉన్న పేదవాని చేను మునుగుతుంది. దిగువ ఊరి చెరువుకు నీరు ఆలస్యమవుతుంది. ఈ ముగ్గురినీ ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడించని ప్రణాళిక తగవులకు దారితీస్తుంది.

కొల్లేరు అనుభవం ఈ సందర్భంలో స్మరణీయం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ మంచినీటి సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరినది. సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం పెద్ద ఎత్తున తొలగించినది. గట్లు తెగినవి గాని, సరస్సుకు హద్దు ఎక్కడ, అక్కడి ప్రజల జీవనోపాధి ఏమిటి అన్న వివాదం తెగలేదు. హద్దును యంత్రంతో గీయవచ్చును. దానిని నిలబెట్టేది మాత్రం ప్రజల అంగీకారం.

హద్దు అనగానే దస్త్రాల ప్రసక్తి వస్తుంది. మన రెండు భాషల ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. హైదరాబాదు సంస్థానంలో 1880ల నుండి పాలనాభాష ఉర్దూ. నిజాం కాలపు సర్వే దస్త్రాలు, సేత్వార్లు ఉర్దూలో వ్రాసినవే. ఏ సర్వే నెంబరు శిఖం, ఏది నాలా, దాని రఖ్బా ఎంత అని తేల్చవలసి వస్తే ఆ పాత కాగితాన్ని చదవగలవారు కావాలి. అటువంటివారు నానాటికీ తగ్గిపోతున్నారు. పక్కనే నీరటి పెద్ద చెప్పే మాటను యథాతథంగా తెలుగులో వ్రాయగలవారూ కావాలి. ఒకే తరగతిలో ఉర్దూ చదివే విద్యార్థి, తెలుగు చదివే విద్యార్థి పక్కపక్కన కూర్చొనే కళాశాలకు ఈ పని ఎంత తగినదో వేరుగా చెప్పనక్కరలేదు.

7. పరదేశపు గుణపాఠం

నీటి దారి తెలియకుండా పార పట్టుకొంటే ఏమవుతుందో ఇండోనేషియా అనుభవం చెబుతుంది. ఆ దేశంలో పీట్ నేలలు విస్తారం. సగం కుళ్లిన వృక్షపదార్థం వేల సంవత్సరాలుగా నీటిలో పేరుకొని ఏర్పడిన నల్లని నేల అది. భూగోళం మీద నేల భాగంలో ఇటువంటి భూములు సుమారు నూటికి మూడు వంతులే అయినా, ప్రపంచంలోని అడవుల చెట్లన్నింటిలో కంటె ఎక్కువ కర్బనం వీటిలో నిలువ ఉన్నది. 1990ల మధ్యలో మధ్య కలిమంతాన్ ప్రాంతంలో దాదాపు పది లక్షల హెక్టార్ల పీట్ నేలను వరి మాగాణిగా మార్చాలని అక్కడి ప్రభుత్వం వేల కిలోమీటర్ల కాలువలు త్రవ్వించినది. కాలువలు నీటిని తోడివేసినవి. వరి పండలేదు. ఎండిన నేల 1997లో అంటుకొని నెలల తరబడి కాలినది. 2015లో మళ్లీ పెద్ద మంటలు వచ్చిన మీదట, 2016లో పీట్ నేలల పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థను స్థాపించి, కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలను తిరిగి తడపటం, స్థానిక మొక్కలు నాటటం, ప్రజలకు తడి నేలలోనే జీవనోపాధి చూపటం అనే మూడు మార్గాలను చేపట్టారు.

అక్కడ కాలువలను మూయటం పునరుద్ధరణ, ఇక్కడ కాలువలను తెరవటం పునరుద్ధరణ. పనులు పరస్పర విరుద్ధంగా కనిపించినా సూత్రం ఒక్కటే. నీరు తన సహజమార్గంలో ఎక్కడ నిలువదలచినదో ముందు తెలుసుకోవాలి. ఒకచోటి నమూనాను మరొకచోట గుడ్డిగా దింపరాదు.

8. మనమేమి చేయగలం?

ఇంత పని విద్యార్థుల వల్ల అవుతుందా అని కొందరు సందేహించవచ్చును. మన పాత నల్లగొండ జిల్లాలోనే దానికి సమాధానం ఉన్నది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, నల్లగొండతో సహా ఏడు కరువు జిల్లాలలో, 2000 తరువాతి దశాబ్దంలో రైతుల నిర్వహణలో భూగర్భజలాల పథకం నడిచినది. అందులో పెద్ద చదువులు లేని స్త్రీ పురుష రైతులు వానమాపకంతో వానను, అట్లాగే బావి నీటిమట్టాన్ని కొలిచి పుస్తకాలలో వ్రాసినారు. ఊరి నీటి ఆదాయ వ్యయాలను గోడ మీద వ్రాసి, రబీలో ఏ పంట వేయాలో తామే చర్చించుకొన్నారు. పొలమే బడిగా సాగిన ఆ శిక్షణలో రైతులు నేర్చినదానిని పట్టభద్రులు కాబోయేవారు నేర్వలేరా?

హైదరాబాదు సమీపాన హిమాయత్‌సాగర్ వద్ద నీటి, భూమి యాజమాన్య శిక్షణ పరిశోధన సంస్థ 1983 నుండి ఉన్నది. ఇంజనీర్లు, రైతు సంఘాలు శిక్షణ పొందే అటువంటి సంస్థలతో కళాశాల సంబంధం పెట్టుకొనటం మంచిది. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం చిన్నది. సమీపంలోని ఒక్క చెరువును ఎంచుకొందాం. గణితం చదివేవారు కొలతలు, రసాయనశాస్త్రం వారు మన్ను పరీక్ష, వృక్షశాస్త్రం వారు కట్ట మీది చెట్లు, వాణిజ్యశాస్త్రం వారు ఖర్చు వెచ్చాలు, చరిత్ర వారు దస్త్రాలు చూడాలి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచిన మీదట ఆ చెరువుకు ఒక ప్రణాళిక వ్రాసి గ్రామసభ ముందు చదవాలి. ఖర్చు ఒక వానమాపకం, ఒక టేపు, ఒక నీటి గొట్టం, కొన్ని పుస్తకాలు.

గ్రామసభలో రైతులు వేసే ప్రశ్నలే నిజమైన పరీక్ష. "మా చేను మునుగుతుందా బిడ్డా?" అని ఒక ముసలమ్మ అడిగినప్పుడు నక్షా మీద వేలు పెట్టి, కొలిచి తెచ్చిన అంకెతో సమాధానం చెప్పగలిగిన విద్యార్థి ఈ శిక్షణలో ఉత్తీర్ణుడైనట్లు. ఆమె మాట విని తన గీతను మార్చుకోగలిగితే ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనట్లు.